ర్యాష్ డ్రైవింగ్‌తో ప్రాణం పోతే శిక్ష ఎంత? చట్టం మారాలంటే మనం ఏం అడగాలి?

ఇంట్లో మనిషి పోయారు. పోస్టుమార్టం అయింది, అంత్యక్రియలు జరిగాయి. మూడో రోజు ఎఫ్‌ఐఆర్ కాపీ కోసం స్టేషన్‌కు వెళ్తే తెలిసేది ఏమిటంటే, ఢీకొట్టిన డ్రైవర్ అప్పటికే స్టేషన్ బెయిల్ మీద ఇంటికి వెళ్లిపోయాడు. 'అదెలా వదిలేస్తారు?' అని అడిగితే, 'అది బెయిలబుల్ సెక్షన్ అండీ' అనే సమాధానం వస్తుంది.

రోడ్డు ప్రమాదంలో అయినవాళ్లను పోగొట్టుకున్న చాలా కుటుంబాలకు చట్టంతో తొలి పరిచయం ఇలాగే జరుగుతుంది. శిక్షలు పెంచాలన్న డిమాండ్ కూడా అక్కడే మొదలవుతుంది. 2016 జులైలో హైదరాబాద్ పంజాగుట్టలో మద్యం మత్తులో నడిపిన కారు ఒక కుటుంబాన్ని ఛిద్రం చేసినప్పుడు ఈ డిమాండ్ గట్టిగా వినిపించింది. 2024 మేలో పుణెలో మైనర్ నడిపిన పోర్షే కారు ఢీకొని ఇద్దరు యువ ఇంజినీర్లు మరణించినప్పుడూ దేశమంతా అదే మాట.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ఢీకొట్టి పారిపోయిన ఘటనల్లోనే 30 వేల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

మరి చట్టం ఇప్పుడు ఏం చెబుతోంది? ఎక్కడ లోపం ఉంది? 'కఠిన శిక్ష' అని ఊరికే అంటే సరిపోతుందా, లేక అడగాల్సింది వేరే ఉందా?

ఇప్పుడు వర్తించే సెక్షన్ ఏది?

2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. దీన్నే బీఎన్‌ఎస్ అంటున్నాం. నిర్లక్ష్యంగా లేదా దుడుకుగా వ్యవహరించి ఒకరి మరణానికి కారణమైతే ఇందులోని సెక్షన్ 106(1) కింద కేసు పెడతారు. దీనికి గరిష్ఠంగా అయిదేళ్ల జైలు, జరిమానా.

పాత ఐపీసీలో ఇది సెక్షన్ 304ఏ. అప్పట్లో గరిష్ఠ శిక్ష రెండేళ్లే. జైలు లేకుండా జరిమానాతో కూడా సరిపెట్టే వీలుండేది. మీ కుటుంబంలో జరిగిన ప్రమాదం 2024 జులై 1కి ముందుదైతే ఇప్పటికీ ఆ పాత సెక్షనే వర్తిస్తుంది. తర్వాత పెరిగిన శిక్షను వెనక్కి వెళ్లి వేయడానికి రాజ్యాంగం ఒప్పుకోదు.

శిక్ష రెండు నుంచి అయిదేళ్లకు పెరిగినా ఒక విషయం మారలేదు. ఇది ఇప్పటికీ బెయిలబుల్ నేరమే. అంటే బెయిల్ పొందడం నిందితుడి హక్కు. దానికోసం కోర్టు దాకా వెళ్లాల్సిన పని లేదు, స్టేషన్‌లోనే ఇస్తారు. కాబట్టి 'పోలీసులు వదిలేశారు' అని మనకు అనిపించిన ప్రతిచోటా వాళ్ల తప్పే ఉండకపోవచ్చు. సెక్షన్ అలా ఉంది.

ఇంకో విషయం గమనించండి. ఈ సెక్షన్ డ్రైవింగ్ కోసమే రాసింది కాదు. సైట్‌లో జాగ్రత్తలు తీసుకోకుండా కూలీ మరణానికి కారణమైన కాంట్రాక్టర్‌కూ ఇదే సెక్షన్. క్షణం పాటు ఏమరుపాటుతో ఢీకొట్టిన వ్యక్తికీ, రాంగ్ రూట్‌లో 120 కిలోమీటర్ల వేగంతో దూసుకొచ్చిన వ్యక్తికీ కూడా మొదట పడేది ఇదే.

'నిర్లక్ష్యం'కు, 'తెలిసి చేయడం'కు మధ్య గీత

ఇంతకంటే కఠినమైన సెక్షన్ లేదా అంటే, ఉంది. బీఎన్‌ఎస్ సెక్షన్ 105, నేరపూరిత నరహత్య. చంపాలన్న ఉద్దేశం లేకపోయినా, తన పని వల్ల ప్రాణాలు పోయే అవకాశం ఉందని తెలిసీ చేస్తే పదేళ్ల వరకు జైలు, జరిమానా. ఇది నాన్ బెయిలబుల్. విచారణ సెషన్స్ కోర్టులో జరుగుతుంది. ఐపీసీలో దీన్ని 304 పార్ట్ 2 అనేవాళ్లు.

తాగి బండి నడిపి మనుషుల్ని చంపినవారికి ఈ సెక్షన్ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2012లో రెండు తీర్పుల్లో చెప్పింది.

మొదటిది ముంబయి అలిస్టర్ పెరీరా కేసు. 2006 నవంబర్‌లో బాంద్రాలో పేవ్‌మెంట్ మీద నిద్రిస్తున్న కూలీల పైకి కారు దూసుకెళ్లి ఏడుగురు మరణించారు. కింది కోర్టు దీన్ని నిర్లక్ష్యంగానే చూసి ఆరు నెలల శిక్ష వేసింది. హైకోర్టు నేరపూరిత నరహత్యగా మార్చి మూడేళ్లు వేసింది. సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది.

రెండోది ఢిల్లీ బీఎండబ్ల్యూ కేసు. 1999 జనవరిలో లోధీ రోడ్డులో ఆరుగురు చనిపోయారు, వారిలో ముగ్గురు పోలీసులు. సుప్రీంకోర్టు ఇక్కడా నేరపూరిత నరహత్యే అంది. కానీ నిందితుడు అప్పటికే అనుభవించిన సుమారు రెండేళ్ల జైలు చాలని, 50 లక్షల రూపాయలు కట్టి, రెండేళ్లు సమాజ సేవ చేయాలని తీర్పు ఇచ్చింది. ఇది వెలువడే సరికి ప్రమాదం జరిగి 13 ఏళ్లు దాటింది.

ఒకే ప్రమాదంలో ఆరు నెలలా, మూడేళ్లా అన్నది ఒక్క ప్రశ్న మీద తేలుతోందని ఈ కేసులు చూపిస్తున్నాయి. డ్రైవర్‌కు ప్రమాదం సంగతి ముందే 'తెలుసు' అని నిరూపించగలమా? అది నిరూపించడానికి రక్త పరీక్ష, సీసీటీవీ, వేగం వివరాలు, సాక్షులు కావాలి. వీటిలో చాలావరకు మొదటి కొన్ని గంటల్లో దొరక్కపోతే మళ్లీ దొరకవు.

పారిపోతే లాభమేనా?

చట్టంలో అసలు లోపం ఇక్కడే ఉంది.

తాగి ఢీకొట్టిన వ్యక్తి అక్కడే ఉండిపోతే బ్రీత్ ఎనలైజర్ పరీక్ష, రక్త పరీక్ష జరుగుతాయి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కింద కేసు పడుతుంది. అదే ఆధారంతో పోలీసులు సెక్షన్ 105 దాకా వెళ్లవచ్చు. అదే వ్యక్తి పారిపోయి మర్నాడు లాయర్‌తో వచ్చి లొంగిపోతే రక్తంలో ఏమీ ఉండదు. మిగిలేది బెయిలబుల్ 106(1). గాయపడినవారిని వదిలేసి, పోలీసులకు చెప్పకుండా పోయినందుకు మోటారు వాహనాల చట్టంలో ఉన్నది ఆరు నెలల వరకు జైలు లేదా 5 వేల వరకు జరిమానా, లేదా రెండూ.

అంటే ఆగినవాడికంటే పారిపోయినవాడికే చట్టం తేలిగ్గా ఉంది. ఈలోగా రోడ్డు మీద పడి ఉన్న మనిషికి సాయం అందాల్సిన తొలి గంట దాటిపోతుంది.

ఈ లోపాన్ని సరిదిద్దడానికే బీఎన్‌ఎస్‌లో 106(2) పెట్టారు. దుడుకు డ్రైవింగ్‌తో మరణానికి కారణమై, వెంటనే పోలీసులకు గానీ మేజిస్ట్రేట్‌కు గానీ తెలియజేయకుండా పారిపోతే పదేళ్ల వరకు జైలు. ఇది నాన్ బెయిలబుల్.

కానీ ఈ సెక్షన్ పుస్తకంలోనే ఆగిపోయింది. 2024 జనవరి మొదట్లో లారీ, ట్యాంకర్ డ్రైవర్లు దేశవ్యాప్తంగా సమ్మెకు దిగారు. హైదరాబాద్‌లో పెట్రోల్ బంకుల ముందు కిలోమీటర్ల క్యూలు మీకు గుర్తుండే ఉంటాయి. రవాణా సంఘాలతో మాట్లాడాకే అమలుపై నిర్ణయం తీసుకుంటామని కేంద్రం చెప్పడంతో సమ్మె ఆగింది. ఆ ఫిబ్రవరిలో వచ్చిన నోటిఫికేషన్‌లో 106(2)ను పక్కనపెట్టి మిగతా చట్టానికి అమలు తేదీ ప్రకటించారు.

డ్రైవర్ల భయాన్ని కొట్టిపారేయలేం. ఆగితే జనం కొడతారు, ఒక్కోసారి చంపేస్తారు కూడా. తప్పు ఎవరిదైనా పెద్ద బండిదే అంటారు. నెల జీతం మీద బతికే డ్రైవర్‌కు పదేళ్ల జైలు అంటే కుటుంబం మొత్తం రోడ్డున పడటమే. అయితే సెక్షన్‌లోని మాటలు చూడండి. అక్కడే నిలబడమని అది అనడం లేదు, తెలియజేయమంటోంది. మూకదాడి భయం ఉంటే బాధితుడిని ఆస్పత్రికి చేర్చలేకపోయినా తప్పు కాదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 134 ఇప్పటికే చెబుతోంది. మరి ఎంతసేపట్లో చెప్పాలి? 112కు చేసిన ఫోన్ చాలా? ఈ రెంటికీ స్పష్టమైన జవాబు లేకపోవడమే గొడవకు మూలం.

నడిపింది మైనర్ అయితే?

పుణె ఘటనలో ప్రమాదం జరిగిన గంటల వ్యవధిలోనే మైనర్‌కు బెయిల్ వచ్చింది. రోడ్డు ప్రమాదాలపై 300 పదాల వ్యాసం రాయమన్న షరతు మీద దేశమంతా ఆగ్రహం వ్యక్తమైంది. మైనర్‌ను పెద్దవాడిగా పరిగణించి విచారించాలన్న డిమాండ్ వచ్చింది.

దీనికి అడ్డు వచ్చేది బాలల న్యాయ చట్టంలోని ఒక నిర్వచనం. కనీస శిక్ష ఏడేళ్లు లేదా అంతకంటే ఎక్కువ ఉన్న 'హేయమైన' నేరాల్లోనే 16 నుంచి 18 ఏళ్ల వారిని పెద్దవాళ్లుగా విచారించే వీలుంది. నేరపూరిత నరహత్యకు గరిష్ఠ శిక్ష పెద్దదే అయినా ఏడేళ్ల కనీస శిక్ష లేదు. 2016లో ఢిల్లీలో మైనర్ నడిపిన మెర్సిడెస్ కారు ఢీకొని ఒక యువకుడు చనిపోయిన కేసులో మృతుడి సోదరి సుప్రీంకోర్టు దాకా పోరాడారు. 2020 జనవరిలో కోర్టు ఈ నిర్వచనాన్నే ఎత్తిచూపి, ఆ మైనర్‌ను పెద్దవాడిగా విచారించలేమంది.

బండి ఇచ్చినవారి విషయంలో మాత్రం చట్టం గట్టిగానే ఉంది. 2019లో వచ్చిన సెక్షన్ 199ఏ ప్రకారం మైనర్ నేరానికి తల్లిదండ్రులు లేదా వాహన యజమాని బాధ్యులు. మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా, ఏడాది పాటు రిజిస్ట్రేషన్ రద్దు. ఆ మైనర్‌కు 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. 'వీధి చివరిదాకే కదా' అని స్కూటీ తాళం ఇచ్చే ప్రతి ఇంటికీ ఇది వర్తిస్తుంది.

ఇప్పటిదాకా పోరాటాలు ఏం సాధించాయి?

శిక్ష పెంచాలన్న మాట కొత్తది కాదు. 304ఏ కింద గరిష్ఠ శిక్షను పదేళ్లకు పెంచాలని 2009లోనే లా కమిషన్ తన 234వ నివేదికలో సిఫార్సు చేసింది. ఈ సెక్షన్‌లోని శిక్షలను మళ్లీ పరిశీలించాలని 2015లో సుప్రీంకోర్టు చట్టసభలకు సూచించింది. అయినా రెండేళ్లు అయిదేళ్లు కావడానికి 2024 దాకా ఆగాల్సి వచ్చింది.

దీనితో పోలిస్తే, ఒక నిర్దిష్టమైన మార్పు అడిగినవారు త్వరగా ఫలితం చూశారు. 2007లో ఢిల్లీలో స్కూలు నుంచి వస్తున్న ఒక కుర్రాడిని బండి ఢీకొట్టింది. చాలాసేపటిదాకా ఎవరూ ఆస్పత్రికి తీసుకెళ్లలేదు. అతని బంధువు పీయూష్ తివారీ 2008లో సేవ్‌లైఫ్ ఫౌండేషన్ స్థాపించారు. జనానికి జాలి లేక కాదు, పోలీసు విచారణలు, కోర్టు చుట్టూ తిరగడం అంటే భయపడి ఆగుతున్నారని గుర్తించి, దాని మీదే 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2015లో కేంద్రం మార్గదర్శకాలు వచ్చాయి. 2016 మార్చిలో వాటిని తప్పనిసరి చేస్తూ కోర్టు తీర్పు ఇచ్చింది. 2019లో అది మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 134ఏగా మారింది. ఇప్పుడు మీరు గాయపడిన వ్యక్తిని ఆస్పత్రిలో చేర్చితే పేరు చెప్పమని, సాక్ష్యం ఇవ్వమని ఎవరూ బలవంతం చేయకూడదు.

2025 మేలో వచ్చిన నగదు రహిత చికిత్స పథకం కూడా ఇలాంటిదే. ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల పాటు, ఒక్కొక్కరికి లక్షన్నర రూపాయల వరకు నిర్దేశిత ఆస్పత్రుల్లో చికిత్స ఇవ్వాలి. తొలి గంటలో చికిత్స కోసం పథకం తేవాలని చట్టంలో ఉన్నా ఏళ్లుగా తేకపోవడంతో సుప్రీంకోర్టు గడువు పెట్టాల్సి వచ్చింది.

శిక్ష పెంచితే చాలా?

యాక్సిలరేటర్ తొక్కేవాడు జైలు ఎన్నేళ్లన్నది లెక్క వేసుకోడు. దొరుకుతానా లేదా అని మాత్రం చూసుకుంటాడు. డ్రంకెన్ డ్రైవ్ తనిఖీలు ఉన్న శనివారం రాత్రి క్యాబ్ బుక్ చేసుకునే మనిషి, తనిఖీ లేదని తెలిస్తే సొంత బండే తీస్తాడు. 2022 మరణాల్లో 70 శాతానికి పైగా అతివేగం వల్లే అని ప్రభుత్వ నివేదికే చెబుతోంది. వేగాన్ని పట్టుకునే కెమెరా లేని రోడ్డు మీద పదేళ్ల శిక్ష ఉన్నా ఎవరికీ భయం ఉండదు.

అలాగని శిక్ష అనవసరం కాదు. పోయిన ప్రాణానికి చట్టం ఇచ్చే విలువ శిక్షలోనే కనిపిస్తుంది. బ్రిటన్‌లో బాధిత కుటుంబాలు ఏళ్లపాటు ప్రచారం చేశాక 2022 జూన్ నుంచి ప్రమాదకర డ్రైవింగ్‌తో మరణానికి కారణమైతే గరిష్ఠ శిక్షను 14 ఏళ్ల నుంచి యావజ్జీవానికి పెంచారు. అయితే అక్కడ మామూలు అజాగ్రత్తతో జరిగిన మరణం వేరే నేరం, ప్రమాదకర డ్రైవింగ్‌తో జరిగిన మరణం వేరే నేరం. మనకు ఆ విభజన లేదు.

మరి ఏం అడగాలి? ఎవరిని అడగాలి?

ర్యాలీ తీసినా, ఎంపీకి వినతిపత్రం ఇచ్చినా 'కఠిన చట్టం కావాలి' అని రాస్తే అది ఫైల్‌లోకి వెళ్తుంది. ఫలానా సెక్షన్‌లో ఫలానా మార్పు అని రాస్తే జవాబు చెప్పాల్సి వస్తుంది. అడగదగినవి నాలుగు.

1. 106(2) అమలు. దీనికి పార్లమెంటులో కొత్త బిల్లు అక్కర్లేదు, కేంద్ర హోం శాఖ నోటిఫికేషన్ చాలు. దానితో పాటే 112కు ఫోన్ చేసినా, దగ్గరి స్టేషన్‌లో చెప్పినా 'తెలియజేసినట్టే' అన్న స్పష్టత కూడా అడగాలి. అప్పుడు నిజాయతీగా ఆగే డ్రైవర్‌కు రక్షణ ఉంటుంది.

2. ప్రమాదకర డ్రైవింగ్‌తో మరణానికి ప్రత్యేక నేరం. తాగి నడపడం, రేసింగ్, రాంగ్ రూట్ వంటివాటిని 106(1) కంటే పైమెట్టులో, నాన్ బెయిలబుల్‌గా పెట్టమని అడగవచ్చు. ఇది బీఎన్‌ఎస్ సవరణ, కాబట్టి పార్లమెంటు పని. మీ ఎంపీ ద్వారా ప్రశ్న వేయించవచ్చు, ప్రైవేటు బిల్లు అడగవచ్చు. ఎంపీ సంతకంతో లోక్‌సభకు పిటిషన్ కూడా పంపవచ్చు.

3. శిక్ష చాలదని అప్పీలు చేసే హక్కు. నిందితుడిని వదిలేసినా, చిన్న సెక్షన్ కింద దోషిగా తేల్చినా, పరిహారం తక్కువైనా బాధిత కుటుంబం అప్పీలు చేసుకోవచ్చు. శిక్ష తక్కువైందని మాత్రం చేయలేదు, అది ప్రభుత్వమే చేయాలి. 2020లో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. కొత్త చట్టంలోనూ ఈ నిబంధన మారలేదు.

4. రాష్ట్రం చేతిలో ఉన్నవి. వేగ పరిమితులు, స్పీడ్ కెమెరాలు, రాత్రిపూట తనిఖీలు, ల్యాబ్ నివేదికల జాప్యం. వీటికి ఢిల్లీ వెళ్లక్కర్లేదు. రాష్ట్ర రవాణా శాఖ, పోలీసు శాఖ, జిల్లా రోడ్డు భద్రత కమిటీలే జవాబుదారీ. మీ ప్రాంతంలో ప్రమాదాలు పదేపదే జరిగే చోట్ల వివరాలను సమాచార హక్కు చట్టం కింద అడిగి, ఆ కాగితంతోనే కమిటీ దగ్గరికి వెళ్లండి.

మన శాసనసభే శిక్ష పెంచలేదా అని అడగవచ్చు. నేర చట్టాలు, మోటారు వాహనాలు రెండూ ఉమ్మడి జాబితాలోవే కాబట్టి రాష్ట్రం సవరణ చేయవచ్చు. కేంద్ర చట్టానికి భిన్నంగా ఉంటే రాష్ట్రపతి ఆమోదం కావాలి. 2019లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆమోదించిన దిశ బిల్లు ఆ ఆమోదం రాకే అమల్లోకి రాలేదు.

కేసు నడుస్తున్న కుటుంబం ఇప్పుడే చేయగలిగినవి

చట్టం మారేదాకా ఆగలేని వారికి ఉన్న చట్టంలోనే కొన్ని దారులున్నాయి.

• ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా పొందడం మీ హక్కు. అందులో ఏ సెక్షన్ రాశారో ముందు చూడండి.

• దారిలోని దుకాణాలు, అపార్ట్‌మెంట్లు, బంకుల సీసీటీవీ ఫుటేజీ కొద్ది రోజుల్లో చెరిగిపోతుంది. దాన్ని భద్రపరచమని దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

• డ్రైవర్‌కు రక్త పరీక్ష చేశారా, ఎప్పుడు చేశారు అని అడగండి. తాగి నడిపినందుకు అరెస్టు చేస్తే రెండు గంటల్లోపు వైద్య పరీక్ష జరగాలి.

• దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు పోలీసులు మీకు చెప్పాలి.

• ఆధారాలు ఉంటే సెక్షన్ మార్చమని పబ్లిక్ ప్రాసిక్యూటర్ ద్వారా కోర్టును కోరవచ్చు. తీర్పు వెలువడేలోపు ఎప్పుడైనా అభియోగాలు మార్చే అధికారం కోర్టుకు ఉంది. ప్రాసిక్యూటర్‌కు సాయంగా మీ సొంత లాయర్‌ను పెట్టుకోవచ్చు.

• పరిహారం కేసు వేరు, క్రిమినల్ కేసు వేరు. మోటారు ప్రమాద ట్రైబ్యునల్‌లో ఆరు నెలల్లోపు దరఖాస్తు వేయండి. తప్పు ఎవరిదన్నది తేల్చకుండానే మరణానికి 5 లక్షలు ఇచ్చే నిబంధన ఉంది. ఢీకొట్టిన బండి ఏదో తెలియకపోతే ప్రభుత్వ పథకం కింద 2 లక్షలు వస్తాయి.

మొదట చెప్పిన కుటుంబం మూడో రోజు స్టేషన్‌కు వెళ్లింది. సీసీటీవీ, రక్త పరీక్షల గురించి మొదటి రోజే అడిగేవాళ్లు ఒక్కరున్నా కేసు వేరే సెక్షన్‌లోకి వెళ్లే అవకాశం ఉండేది. దుఃఖంలో ఉన్నవాళ్లకు ఇవన్నీ తట్టవు. బంధువో, పక్కింటివారో, ఆఫీసు స్నేహితుడో ఎవరో ఒకరు ఆ పని నెత్తిన వేసుకోవాలి. మీకు తెలిసిన ఇంట్లో అలాంటి రోజు వస్తే ఆ ఒక్కరు మీరు కావచ్చు.